రిబ్బను జెల్లీ కోసం పట్టిన తాడు

హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లిన మూడో ఏడు, ఫిబ్రవరిలో, నన్ను డెప్యుటేషన్ మీద ఒక సముద్ర పరిశోధన సంస్థకు పంపారు. హోదా డైవింగ్ సూపర్‌వైజరు. కాలం ఒక సీజను, అంటే ఏప్రిల్ నెలాఖరు దాకా. అప్పటికి నా రిటైర్మెంటుకు రెండేళ్లుంది. నా సర్వీసు అంతా విశాఖపట్నం రేవులో ఓడల అడుగున పనులు చేసే ఒక ప్రైవేటు కంపెనీలోనే గడిచింది. ప్రొపెల్లరుకు చుట్టుకున్న తాళ్లు కోయడం, ఓడ అడుగుకు పట్టిన గుల్లలు గీకడం, ఇంజనుకు నీళ్లు పోయే జాలీలు శుభ్రం చేయడం, జారిపోయిన లంగరు వెతకడం, ఇవీ మా పనులు. సైన్సుకూ నాకూ సంబంధం లేదు. టెన్త్ తర్వాత ఐటీఐ చదివినవాణ్ణి.

ఆర్డరులో పని వివరం దగ్గర 'సముద్రంలో జెలటిన్ జీవుల సేకరణకు భద్రతా ఏర్పాట్లు' అని ఉంది. అర్థం ఏమిటని మా మేనేజరును అడిగాను. వాళ్లు జెల్లీలు పట్టడానికి వెళ్తారట, మునిగిపోకుండా చూడు, అన్నాడు. ఆయన ఏ పనినీ అంతకన్నా వివరంగా చెప్పిన పాపాన పోలేదు. కానీ ఈసారి చెప్పిన ముక్క సరిగ్గా సరిపోయింది.

రేవు డైవరు పని ఎలాంటిదో తెలియనివారి కోసం కాస్త చెప్పాలి. రేవులో నీళ్లు నల్లగా ఉంటాయి. బొగ్గు పొడి, ఇనుప ఖనిజం, బురద, ఓడల నూనె అన్నీ కలిసిన నీళ్లవి. రెండు బారలు దిగితే మన చెయ్యి మనకు కనపడదు. అందుకని మాలో చాలామంది కళ్లు మూసుకునే పని చేసేవాళ్లం. తెరిచి ఉంచితే మనసు ఊరికే చూపు మీదికి పోతుంది. మూసుకుంటే వేళ్ల మీద నిలుస్తుంది. తడిమి చూసి బోల్టు సైజు చెప్పగలిగితేనే మా దగ్గర డైవరు కింద లెక్క.

పైనున్న మనిషితో మాట్లాడేది తాడుతోనే. ఒక్కసారి లాగితే 'ఆగు' అని, లేదా 'బాగానే ఉన్నాను' అని. రెండుసార్లు లాగితే 'తాడు వదులు'. నాలుగుసార్లు కింది మనిషి లాగితే 'నన్ను పైకి తియ్యి' అని, పై మనిషి లాగితే 'పైకి వచ్చెయ్యి' అని. కొన్నేళ్లు పోయాక అవతలి మనిషి భయపడ్డాడా, అలిసిపోయాడా, పని అయ్యిందన్న హుషారులో ఉన్నాడా అన్నది కూడా లాగే తీరులోనే తెలిసిపోతుంది. మా నాన్నగారు అమలాపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఓడల మీద కళాసీగా చేరారు. ముడి సరిగా వెయ్యనివాడికి అన్నం పెట్టకూడదనేవారు. తాళ్ల విషయంలో నా చాదస్తం ఆయన నుంచి వచ్చిందే.

ఆ సంస్థలో నాకు అప్పగించిన శాస్త్రవేత్త డాక్టర్ హైమవతి గారు. గెజిటెడ్ హోదా. నలభై నిండని మనిషి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి మద్దిలపాలెంలో అద్దెకుండేవారు. డైవింగ్ లైసెన్సు ఉంది, కానీ పగడాల దగ్గర, పిల్లల పార్కులాంటి నీళ్లలో నేర్చుకున్న విద్య అది. ఫిషింగ్ హార్బరులో మొదటిసారి కలిసినప్పుడు, నీళ్లలో మీరు ఎంత దూరం వరకు చూశారండీ, అని అడిగారు. మూరెడు, అన్నాను. ఆవిడ నవ్వలేదు. అయితే మీకు చాలా చూపించాలి, అన్నారు.

నాతో రెండో డైవరుగా మా కంపెనీ నుంచే అప్పలసామి వచ్చాడు. తగరపువలస దగ్గర పల్లె వాళ్లది. వ్యవసాయం వదిలేసి నీళ్లలో పడ్డ మనిషి. మాకు చుట్టరికం లేదు గానీ పదిహేనేళ్లుగా నన్ను బావ అంటాడు. పడవ నడిపేది సరంగు నూకరాజు. సముద్రంలో ఏం దొరికినా దాని ధర ఎంతో చెప్పగలడు. జెల్లీకి ధర లేదు కాబట్టి ఈ పని మీద అతనికి మొదట్లో గౌరవం లేదు.

తీరం దగ్గర సముద్రం మసక ఆకుపచ్చగా ఉంటుంది. ఫిబ్రవరి దాటాక, గాలి తగ్గి, లోపలి నీలం నీళ్లు కాస్త ఒడ్డు వైపు జరుగుతాయి. అయినా పడవ మీద చాలా గంటలు పోవాలి. యారాడ కొండ మీది లైట్‌హౌసు మసకబారి కనపడకుండా పోయిన తర్వాత ఇంకా పోవాలి. ఆ ప్రయాణంలోనే హైమ గారు మాకు పాఠం చెప్పేవారు. ఆవిడ వెతికే జంతువు పేరు సెస్టం. చూడ్డానికి రిబ్బనులా ఉంటుంది కాబట్టి మేము రిబ్బను జెల్లీ అనుకున్నాం.

దాన్ని జెల్లీ అంటారు గానీ, ఒడ్డుకు కొట్టుకొచ్చే గొడుగు జెల్లీలకూ దీనికీ చుట్టరికం చాలా దూరం. ఇది కుట్టదు. ఈ జాతి జీవుల ఒంటి మీద సన్నటి వెంట్రుకలు దువ్వెన పళ్లలా వరసలు కట్టి ఉంటాయి. ఆ దువ్వెనలు ఒకదాని వెంట ఒకటి కొట్టుకుంటూ జంతువును నడిపిస్తాయి. మామూలుగా ఇవి ఉసిరికాయలాగో, గంటలాగో గుండ్రంగా ఉంటాయి. ఈ ఒక్క రకం మాత్రం గుండ్రంగా పుట్టి, పెరిగేకొద్దీ అటూ ఇటూ సాగుతూ, బల్లపరుపై, చివరికి మూరెడు, బారెడు రిబ్బను అవుతుంది. నోరు కింది అంచులో సరిగ్గా మధ్యన ఉంటుంది. నోటికి ఎదురుగా, పై అంచు మధ్యలో, ఇసుక రేణువు కన్నా చిన్న రాయి ఒకటి నాలుగు వెంట్రుకల కుచ్చుల మీద నిలబడి ఉంటుంది. ఒళ్లు ఏ పక్కకు వాలితే ఆ పక్క కుచ్చు మీద బరువు పడుతుంది. ఏది పైనో ఏది కిందో దానికి ఆ రాయి చెబుతుంది.

"కుట్టకపోతే మరెలా తింటాదండి?" అని అప్పలసామి అడిగాడు.

జిగురుతో, అని ఆవిడ చెప్పారు. సన్నటి దారాలు రిబ్బను రెండు వైపులా పరుచుకుని ఉంటాయి. వాటి నిండా జిగురు కణాలు. రిబ్బను నోరున్న అంచును ముందు పెట్టి మెల్లగా జారుతూ పోతుంటే, నీళ్లలో తేలే నలుసంత రొయ్య జాతి పురుగులు ఆ దారాలకు అంటుకుంటాయి. అంచు వెంబడి ఉన్న గాడిలోంచి నోటికి చేరతాయి. ఇది దాని తీరిక నడక. బెదిరిందంటే రెండో నడక తీస్తుంది. దువ్వెనలు వదిలేసి ఒళ్లంతా అలలు అలలుగా తిప్పుతూ పాములా పోతుంది. కాస్త దూరం పోయి ఆగి, మళ్లీ తీరిక నడకలో పడుతుంది.

"ఎముకా లేదు, ముల్లూ లేదు. అంత పల్చటి వొళ్లుతోటి సముద్రంలో ఎలా బతుకుతన్నాదండి అది?" అని నూకరాజు అడిగాడు. అతను ఆ పాఠంలో నోరు విప్పడం అదే మొదలు.

హైమ గారు అతని వైపు తిరిగి కూర్చుని చెప్పారు. దానికి ఒడ్డు తెలియదు. రాయి తెలియదు, అడుగు తెలియదు. పుట్టిన దగ్గర నుంచి పోయే దాకా గట్టి వస్తువు ఏదీ దానికి తగలదు. తగిలే అవకాశమే లేని చోట బతుకుతుంది కాబట్టి ఒళ్లు గట్టిపరుచుకోవాల్సిన అవసరం రాలేదు. దాదాపు అంతా నీరే. అందుకే వలలో పడితే తునాతునకలవుతుంది. నమూనాలు పాడవకుండా పోసే ఫార్మలిన్‌లో వేస్తే తెల్లటి మబ్బులా కరిగిపోతుంది.

ఆవిడ కష్టం అంతా అక్కడే ఉంది. ఈ జంతువు మన సముద్రంలో కాపురమే ఉంటోందా, ఇక్కడే గుడ్లు పెడుతోందా, లేక ప్రవాహంలో కొట్టుకొచ్చి పోతోందా అన్నది ఆవిడ ప్రశ్న. దీనిలో ఆడా మగా వేరు కాదు, ఒకే ఒంట్లో రెండూ ఉంటాయి. బతికున్న జంతువును తొట్టిలో ఉంచితే గుడ్లు వదులుతుందేమో చూడొచ్చు. కానీ అంతకు ముందు సీజన్లలో వలలు తెచ్చినదంతా గుజ్జే. నీళ్లలో నీళ్లు చూపించి పడవ అడిగితే ఎలాగమ్మా, అని డైరెక్టరు గారు అన్నారట. ఈ సీజనులో ఒక్కటైనా ముక్క కాకుండా, బతికి ఉన్నది, తొట్టిలో చూపించాలి. లేకపోతే పడవ రద్దు, ఆవిడను రొయ్యల చెరువుల విభాగానికి మారుస్తారు. ఈ సంగతి ఆవిడ ఏడుపు ముఖంతో చెప్పలేదు. ఆర్డరు చదివినట్టు చదివారు. అప్పలసామి మాత్రం చాలాసేపు తల పంకిస్తూ కూర్చున్నాడు.

వల పనికిరానప్పుడు మనిషే దిగి, సీసా తెరిచి, దాని చుట్టూ నెమ్మదిగా మూత వేయాలి. అడుగు లేని సముద్రంలో డైవింగ్ పద్ధతి వేరు. పడవ ఇంజను ఆపేస్తారు. తేలే బుడ్డి ఒకదానికి బరువు కట్టిన తాడు నిలువుగా కిందికి వేలాడుతుంది. ఒక డైవరు ఆ తాడు మధ్యలో ఉంటాడు. అతని చేతిలోంచి మిగతా డైవర్లకు పక్క తాళ్లు పోతాయి. మధ్యవాడు జెల్లీలు పట్టడు. తిరుగుతూ మనుషులను చూసుకుంటాడు, తాడు వదులుతాడు, గుంజుకుంటాడు. ప్రతి తాడుకూ ఒకచోట ఎర్ర గుడ్డ కట్టి ఉంటుంది. అక్కడి నుంచి అంగుళం కూడా వదలకూడదు. ఆ మధ్య స్థానం నాది.

మొదటి రోజు నీలం నీళ్లలోకి దిగినప్పుడు నాకు చెమటలు పట్టాయి. నీళ్లలో చెమట ఏమిటంటారేమో, పట్టాయంతే. ఎటు చూసినా నీలమే. అడుగు లేదు, గోడ లేదు, ఓడ లేదు. ఉన్నచోటే ఉన్నా కిందికి జారిపోతున్నట్టుంది. అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్నాను, ఇంకా ఎక్కువైంది. మనకు ఆ నెత్తిమీది రాయి లేదు కదా. బుడగలు ఎటు పోతుంటే అటు పైన అని హైమ గారు చెప్పింది గుర్తొచ్చి, కళ్లు తెరిచి నా బుడగలు చూసుకున్నాను. కాసేపటికి గుండె కుదుటపడింది. అప్పుడు చూశాను వెలుతురును. ఎండ పలకలు పలకలుగా దిగి, ఎక్కడో కిందికి పోయి, నీలంలో కలిసిపోతోంది. బతుకంతా నల్లనీళ్లలో తడుముకున్నవాడికి అంత వెలుతురు ఒక్కసారిగా చూపిస్తే ఏమవుతుందో నేను చెప్పలేను. పైకి వచ్చాక హైమ గారికి దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు, గ్లవుజులు బిగుతుగా ఉన్నాయని వంక పెట్టుకుని గాబరాగా తీస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత వారాలన్నీ వట్టి చేతులతోనే గడిచాయి. గుండ్రటి దువ్వెన జెల్లీలు బోలెడు దొరికాయి. ఎండ తగిలినప్పుడు వాటి దువ్వెనల మీద ఇంద్రధనుస్సు రంగులు పరుగెత్తేవి. అది వాటి సొంత వెలుగు కాదు, ఎండ విరిగి కనపడే రంగులేనని ఆవిడ చెప్పారు. రిబ్బను మాత్రం రెండుసార్లు దూరాన మెరిసి పోయింది. అప్పలసామికి కనపడితే హైమ గారికి కనపడలేదు, ఆవిడకు కనపడితే అతనికి కనపడలేదు. నూకరాజు కూడా ఇప్పుడు ఆత్రంగా అడగడం మొదలెట్టాడు. మా చెయ్యి పడవకు తగలగానే "ఏటైందండి, దొరికిందేటి?" అనేవాడు.

ఏప్రిల్ చివర, మాకు రాసిచ్చిన ఆఖరి రోజు, సముద్రం నూనె పోసినట్టుంది. నూకరాజు నురుగు, నాచు ఒక గీతలా పేరుకున్న చోటు చూసి ఇంజను ఆపాడు. రెండు నీళ్లు కలిసే చోటది, తేలేవన్నీ అక్కడ చేరతాయి. మేం ముగ్గురం దిగాం. నా కుడి చేతి తాడు చివర హైమ గారు, ఎడమ చేతి తాడు చివర అప్పలసామి.

కాసేపటికి కుడి తాడు కదలడం ఆగింది. చూశాను. ఆవిడ నిశ్చలంగా వేలాడుతున్నారు. అరచేతిని నీళ్లలో గీత గీసినట్టు అడ్డంగా లాగి చూపించారు. రిబ్బనుకు మేం పెట్టుకున్న గుర్తు అది. నాకు కనపడింది ఆవిడా, ఆవిడ చేతిలోని రెండు మూతల పొడుగు గాజు గొట్టమూ మాత్రమే. బారెడు జంతువట, ఎక్కడా చిరుగు లేదట. తర్వాత చెప్పారు. గొట్టం నోరు దగ్గరకు తెస్తుంటే ఆ నీటి కదలిక తగిలి అది బెదిరింది. పాములా మెలికలు తిరుగుతూ ఏటవాలుగా కిందికి పోయింది. ఆవిడ దాని వెంట పోయారు.

తాడు నా చేతిలోంచి జరజర జారింది. ఎర్ర గుడ్డ వేళ్లకు తగిలింది. బిగించాను.

రెండుసార్లు లాగారు. తాడు వదులు.

నేను ఒక్కసారి లాగాను. ఆగండి.

మళ్లీ రెండు. ఈసారి గట్టిగా. నేను మళ్లీ ఒకటి. ఆవిడ మళ్లీ రెండు. నీళ్లలో మాట లేదు గానీ అది పోట్లాటే. అవతలి మనిషి ఏమంటోందో నాకు మాటల కన్నా స్పష్టంగా తెలుస్తోంది. కనపడుతోంది, ఇదిగో, ఇంకో రెండు బారలు, బతిమాలుతున్నాను.

అప్పుడు నాకు వదిలేద్దామనిపించింది. నిజం. రొయ్యల చెరువులు గుర్తొచ్చాయి. నలుసంత పురుగులు అంటుకునే దారాలు గుర్తొచ్చాయి. గుండ్రంగా పుట్టి రిబ్బనుగా సాగే ఆ పిల్ల గుర్తొచ్చింది. రెండు బారల తాడు నా చేతిలోనే చుట్టగా ఉంది. ఆ చుట్ట మీద బొటనవేలు సడలింది కూడా.

ఇంతలో ఆవిడ బుడగలు చూశాను. బుడగలు విడివిడిగా, తీరికగా రావాలి. ఆవిడవి ఒకదాని మీద ఒకటి గుత్తులుగా వస్తున్నాయి. లోతు పెరిగేకొద్దీ ప్రతి ఊపిరికీ సిలిండరులోంచి ఎక్కువ గాలి ఖర్చవుతుంది. దానికి ఆత్రం తోడైతే ఇంకా ఎక్కువ. ఆవిడ ఆ జంతువును తప్ప దేన్నీ చూడ్డం లేదు. తాను కిందికి పోతున్నానన్న సంగతి కూడా ఆవిడకు తెలియదు. అడుగు కనపడని చోట అది ఎవరికీ తెలియదు.

నాలుగుసార్లు లాగాను. జవాబు లేదు. ఇంకోసారి నాలుగు. జవాబు రెండు. ఇక నేను లాగడం మొదలెట్టాను, లంగరు గొలుసు లాగినట్టు, చెయ్యి మీద చెయ్యి వేసి. మొదట ఎదురు లాగారు. తర్వాత బరువు తేలికైంది.

దగ్గరికి రాగానే ఆవిడ గాలి మీటరు చేతిలోకి తీసుకున్నాను. ముల్లు ఎర్ర గీత లోపల ఉంది. నా దగ్గర పసుపుపచ్చ గొట్టానికి రెండో మౌత్‌పీసు ఉంటుంది, ఇలాంటి అవసరానికే. అది ఆవిడ నోటికి పెట్టాను. పైకి ఒక్కసారిగా పోకూడదు. మూడు బారల లోతున కొన్ని నిమిషాలు ఆగి, ఒంట్లో చేరిన నత్రజని బయటికి పోనిచ్చి, అప్పుడు పైకి తేలాలి. ఆ నిమిషాలన్నీ ఇద్దరం ఒకే సిలిండరు గాలి పీల్చాం. ఆవిడ కిందికే చూస్తున్నారు.

పడవెక్కాక మాస్కు తీసి మొదట అన్న మాట, "రెండు బారలే కదండీ అడిగాను సత్యనారాయణ గారూ."

నాకు ఒళ్లు మండిపోయింది. ఒడ్డు మీద ఆవిడ గెజిటెడ్ అధికారి, నేను కాంట్రాక్టు కంపెనీ మనిషిని. నీళ్లలో సూపర్‌వైజరు మాటకు ఎదురు లేదు, అది రాసి సంతకాలు పెట్టుకున్న రూలు. "నీళ్లలో మీ గ్రేడు చెల్లదమ్మా" అని నూకరాజు ఉలిక్కిపడేలా అరిచాను. మీటరు ఆవిడ ఒళ్లో పడేశాను. ఆవిడ దాన్ని చూశారు. ముల్లు మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయారు.

అప్పలసామి వెనకగా ఎక్కాడు. సీసా గుండెలకు అదిమి పట్టుకుని ఉన్నాడు. ముఖం చూస్తే ఇంట్లో ఎవరో పోయినట్టుంది.

"బావ, సెయ్యాగలేదు బావ" అన్నాడు. "అది నా కాడికే వొచ్చీసింది. ముట్టుకుంటే గానీ ఉందో లేదో నాకు తెలీదు కదా. సెయ్యెట్టీసినాను. మూడు ముక్కలైపోనాది."

నేను హైమ గారిని పైకి లాగిన కదలికకు అది మళ్లీ బెదిరి, అతని వైపు ఎగిసి, అక్కడ ఆగి, తీరికగా జారుతూ అతని ముఖం ముందుకు వచ్చిందట. బతుకంతా చేతులతోనే చూసిన మనిషి. ఓడ అడుగున బోల్టును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఆ జంతువుకు తగిలిన మొదటి గట్టి వస్తువు అతని వేళ్లే అయి ఉంటాయి. రెండు చివరలు ఎటో పోయాయి. మధ్య ముక్క అరచేతి మీద మిగిలితే సీసాలోకి వదిలాడు.

అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. నేనైనా అదే చేసేవాణ్ణి.

హైమ గారు లేచి వచ్చి సీసాను ఎండకు అడ్డంగా పట్టుకున్నారు. నాకు అందులో నీళ్లు తప్ప ఏమీ కనపడలేదు. ఆవిడ సీసాను కొంచెం తిప్పారు. అరచేతి వెడల్పు ముక్క పై అంచున రంగుల గీత ఒకటి మెరిసి, పరుగెత్తి, మళ్లీ మెరిసింది. దువ్వెనలు కొట్టుకుంటున్నాయి.

"నోరుంది" అన్నారు ఆవిడ. "రాయీ ఉంది. అప్పలసామీ, నువ్వు మధ్య ముక్క తెచ్చావయ్యా."

ఈ జాతి జీవుల్లో చాలావాటికి తెగిన భాగం మళ్లీ పెరుగుతుందట. దీనికి ఎంతవరకు పెరుగుతుందో తనకు తెలియదని కూడా ఆవిడే అన్నారు. అప్పలసామి అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాడు. నూకరాజు బకెట్టుతో చల్లటి సముద్రపు నీళ్లు తోడి, తడిగుడ్డ కప్పి, సీసాను అందులో పెట్టాడు. పడవ అదురు తగలకుండా ఆవిడ ఆ బకెట్టును దారంతా ఒళ్లోనే పెట్టుకున్నారు.

యారాడ కొండ కనపడ్డాక నా వైపు చూసి, "గాలి ఇచ్చినందుకు థాంక్సండీ. తాడు ఇవ్వనందుకు రేపు చెప్తాను" అన్నారు. ఆ పూట నేను నవ్వింది అప్పుడే.

మర్నాడు పొద్దున్నే ఫోను చేసి చెప్పారు. పెద్దగా ఏమీ అనలేదు. రాత్రి మంచం మీద పడుకుని ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ ముల్లు కనపడిందండీ, అన్నారు. నియమం ప్రకారం జరిగింది జరిగినట్టు రిపోర్టు రాశాను. ఆవిడ ఒక్క అక్షరం మార్చమనకుండా సంతకం పెట్టారు.

ముక్కను గుండ్రటి తొట్టిలో ఉంచారు. నీళ్లు నెమ్మదిగా తిరుగుతూ జంతువును గోడకు తగలనివ్వని తొట్టి అది. తెగిన రెండు అంచులూ కొద్ది రోజుల్లో గుండ్రంగా సర్దుకున్నాయి. నేను రోజూ డ్యూటీ అయ్యాక వెళ్లి చూసేవాణ్ణి. హైమ గారు పురుగులు వేస్తే అవి దారాలకు అంటుకుని గాడి వెంబడి నోట్లోకి పోవడం నా కళ్లతో చూశాను. పడవలో విన్న పాఠం అక్షరాలా ముందర జరుగుతోంది. అప్పలసామి ఒక ఆదివారం భార్యను కూడా తీసుకొచ్చి చూపించాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

డైరెక్టరు గారు వచ్చారు. ఇది మొత్తం జంతువు కాదు కదమ్మా, అన్నారు. అది నిజమే. కానీ ఆయన అక్కడి నుంచి కదలలేదు. కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. ఆ ఏడాది పడవ ఇవ్వలేదు, ఆవిడను రొయ్యలకూ మార్చలేదు. ముక్క గుడ్లు వదలకుండానే ఒకరోజు కరిగిపోయింది. మరో చోటి నుంచి పడవకు మంజూరు రావడానికి ఇంకో ఏడాది పట్టింది. అప్పుడు వేరే డైవర్లతో ఆవిడ నిండు జంతువులనే తెచ్చారు. గుడ్లు కూడా చూశారు. ఒక చుక్క నీళ్లలో గుండ్రటి పిల్ల ఈదుతున్న ఫోటో నాకు పంపారు. అప్పటికి నేను రిటైరై ఇంట్లో ఉన్నాను. ఆ ఫోటోను నా ఫోనులో ఇప్పటికీ తుడవలేదు.

ఆ కొత్త జట్టు సముద్రంలో దిగక ముందు, అందులో తాడు పట్టేవాళ్లకు శిక్షణ ఇవ్వమని నన్ను పిలిచారు. రుషికొండ వైపు ఒక హాలులో తరగతి. ప్రణాళికలో తాడు పట్టేవాళ్లకు జంతువుల పాఠం లేదు. భద్రతాధికారి వివరించాడు. వాళ్ల పని మనుషులను చూడటం. జంతువు సంగతి తెలిస్తే మనసు అటు పోతుంది, తెలియకపోవడమే మేలు. హైమ గారు నా వైపు చూశారు.

వాళ్లను కూడా పాఠంలో కూర్చోబెట్టమన్నాను. ఏమీ తెలియనివాడికి ఎర్ర గుడ్డ దగ్గర తాడు బిగించడం తేలికే, దానికి శిక్షణ అక్కర్లేదు. కానీ అవతల రెండుసార్లు లాగినప్పుడు ఆ మనిషి ఏం పోగొట్టుకోబోతోందో వాడికి తెలియదు. తెలియనివాడు తాడునే చూస్తాడు. తెలిసినవాడు మనిషిని చూస్తాడు. హైమ గారు ఆ జంతువు గురించి నాకు ఏమీ చెప్పకుండా ఉంటే ఆ రోజు నా పని సులువుగా అయ్యేది, కానీ ఆవిడ బుడగలు నేను అంత పరీక్షగా చూసేవాణ్ణి కాదు. చెప్పినందుకు ఆవిడకు రుణపడి ఉన్నాను. అంతా తెలిసి, ఇవ్వాలని ఉండి, ఇవ్వకుండా ఉండటమే తాడు పట్టేవాడి ఉద్యోగం.